లింకు డాక్యుమెంట్లు చదివే విద్య

ఇల్లు కొనేముందు లాయరు రాసిచ్చే లీగల్ ఒపీనియన్ నాలుగైదు పేజీలకు మించదు. చాలామంది అందులో చివరి పేరా మాత్రమే చూస్తారు. అమ్మేవారికి మార్కెటబుల్ టైటిల్ ఉందన్న మాట కనిపిస్తే చాలు, బయానా ఇచ్చేస్తారు. ఆ మాట దాకా రావడానికి ఆ లాయరు ఏమేం చదివారు, ఎక్కడ ఆగారు, ఏ కాగితం తెమ్మని పంపారు అన్నది ఎవరూ అడగరు. స్థిరాస్తిలో కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు నేర్చుకోవలసినదంతా ఆ పనిలోనే ఉందని నా నమ్మకం. ఏ ఏరియా పెరుగుతుంది, మెట్రో ఎప్పుడొస్తుంది లాంటి సంగతులు చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఫైలు చదవడం తెలిసినవాళ్లే అరుదు.

మన దేశంలో సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేసేది దస్తావేజును, హక్కును కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆ ఆఫీసు చూసేది రాసిచ్చినవారు వచ్చారా, ఒప్పుకున్నారా, స్టాంపు డ్యూటీ సరిపోయిందా అన్నంతవరకే. అమ్మినవారికి అసలు అమ్మే హక్కు ఉందా అని తేల్చడం దాని పని కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టారెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరుంటే హక్కు ఉన్నట్టే. దానికి ప్రభుత్వానిదే పూచీ. మన దగ్గర ఆ పూచీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దారిలో ఒక భూహక్కు చట్టం వచ్చింది గానీ 2024లో రద్దయింది. కాబట్టి హక్కు ఉందో లేదో కొనేవాడే పాత కాగితాల నుంచి తవ్వి తీసుకోవాలి. ఆ తవ్వకానికే లింకు డాక్యుమెంట్ల పరిశీలన అని పేరు.

సికింద్రాబాద్ సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది ఈ పని చేసే తీరు దగ్గర కూర్చుని చూసే అవకాశం నాకు దొరికింది. ఫైలు రాగానే ఆయన పిన్నులు, ట్యాగులు విప్పేసి కాగితాలను తేదీల వరసలో బల్ల మీద పరుస్తారు. అందరూ ఇప్పటి అమ్మకందారు దస్తావేజుతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తారు. ఆయన అన్నిటికన్నా పాతదానితో మొదలుపెట్టి ముందుకు వస్తారు. పొడుగాటి తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీసి ఒక్కో దస్తావేజుకు ఒక్కో వరస రాస్తారు: తేదీ, నంబరు, ఎవరు ఎవరికి రాశారు, ఎన్ని గజాలు, నాలుగు హద్దులు. పక్కన ఇంకో గడి ఖాళీగా ఉంటుంది. ఒరిజినల్ చూశారా, సర్టిఫైడ్ కాపీయా, ఉత్త జిరాక్సా అన్నది అందులో రాస్తారు. ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) మాత్రం పక్కన బోర్లించి ఉంచుతారు. దస్తావేజులన్నీ చదివాకే దాన్ని తెరుస్తారు. ముందే ఈసీ చూస్తే, దానిలో ఉన్నవే వెతుక్కుంటూ దస్తావేజులు చదువుతామని ఆయన లెక్క.

నేను చూసిన ఫైళ్లలో ఒకటి మల్కాజిగిరి వైపు 200 గజాల ప్లాటుది. గుర్తుపట్టే వివరాలు వదిలేసి సంగతి చెబుతాను. 1968లో ఒక ఉద్యోగి తన జీతం డబ్బుతో కొన్నాడు. 1994లో వీలునామా రాయకుండా చనిపోయాడు. 1998లో ఇద్దరు కొడుకులు పంపకాల దస్తావేజు రాసుకున్నారు. ఇల్లు పెద్దవాడికి, ప్లాటు చిన్నవాడికి. తల్లి కూడా సంతకం పెట్టింది. 2006లో చిన్నవాడు ప్లాటు అమ్మాడు. కొన్న మనిషి ఇప్పుడు అమ్ముతున్నాడు. వరస ఎక్కడా తెగలేదు. ప్రతి దస్తావేజూ రిజిస్టరైంది, ప్రతిదానికీ ఒరిజినల్ ఉంది. ఈసీలో రాసిచ్చినవారి పేరు పక్కన ఈఎక్స్ అని, రాయించుకున్నవారి పేరు పక్కన సీఎల్ అని ఉంటుంది. 1998లో సీఎల్‌గా ఉన్న పేరే 2006లో ఈఎక్స్‌గా ఉంది. బ్యాంకు లోను కూడా ఒప్పుకుంది. కొనబోయే దంపతులు వేలు చూపించి మరీ చెప్పారు, ‘సార్, అన్నీ క్లియర్ ఉన్నాయి’ అని.

ఆయన 1998 పంపకాల దస్తావేజు మూడో పేజీ దగ్గర ఆగిపోయారు. అది ఆస్తుల వివరం కాదు, షరతులూ కాదు. ముందుమాటలాగా రాసే కథనం భాగం. డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా రాసుకుపోయేదీ, కొనేవాళ్లు కళ్లు తిప్పుకుని దాటేసేదీ. తండ్రి పోయాక ఆయన చేసిన అప్పులు, చెల్లెలి పెళ్లి ఖర్చులు అన్నదమ్ములిద్దరూ సమంగా భరించారని ఒక ముక్క ఉందక్కడ. ఆ దస్తావేజు మొత్తం మీద చెల్లెలు కనిపించేది ఆ ఒక్క చోటే. ఆయన పెన్సిల్ ఆ మాట కింద పెట్టి, చివరి పేజీ తిప్పి సంతకాలు లెక్కపెట్టారు. మూడే ఉన్నాయి.

తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం మొదటి రోజు నుంచీ కూతురు కొడుకుతో సమానమైన వారసురాలే. పెళ్లయిందా లేదా, కట్నం ఇచ్చారా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. చాలామంది, కొందరు లాయర్లు కూడా, ఇక్కడ పిత్రార్జితం నియమాలు తెచ్చి కలుపుతారు. పిత్రార్జితంలో అయితే ఆంధ్రప్రదేశ్ సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు వాటా వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నాటి కేంద్ర సవరణ పెళ్లయిన వారికీ ఇచ్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన పంపకాలను మాత్రం ఆ చట్టం కదిలించలేదు. ఆ తేదీ చూపించి ‘1998 పంపకం కదా, సేఫే’ అని ఎవరో ఆ దంపతులకు చెప్పారు. ఆ రక్షణ పిత్రార్జితంలో వచ్చిన కొత్త హక్కుకు సంబంధించింది. తండ్రి స్వార్జితంలో కూతురికి అంతకు ఎంతో ముందే ఉన్న హక్కును అది తుడిచేయదు. ఈ తేడాను ఆయన ఎంత నెమ్మదిగా, ఎన్నిసార్లు విడమరిచి చెప్పారో చూస్తే ముచ్చటేసింది. గొంతు పెంచలేదు, భయపెట్టలేదు.

బేరం చెడలేదు కూడా. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించారు. ఆ చెల్లెలి చేత పాత పంపకాన్నీ 2006 అమ్మకాన్నీ ఒప్పుకుంటూ రాటిఫికేషన్ డీడ్ రాయించి రిజిస్టర్ చేయించాకే కొనమన్నారు. అమ్మే మనిషి మొదట విసుక్కున్నాడు, తర్వాత చేశాడు. ఆ చెల్లెలు ఎప్పటికీ కేసు వేసేది కాదేమో. కానీ ఒకసారి పార్టిషన్ దావా పడితే గెలుపోటముల సంగతి తర్వాత, ఆ ప్లాటు మీద పెట్టిన సొమ్ము ఏళ్ల తరబడి కదలదు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లూ ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ అదే చెబుతుంది.

అదే ఫైలులో ఇంకొకటి దొరికింది. 1968 దస్తావేజులో తూర్పు హద్దు 20 అడుగుల రోడ్డు. 2006 దస్తావేజులో అదే తూర్పు హద్దు 30 అడుగుల రోడ్డు. రెండిట్లోనూ ప్లాటు 200 గజాలే: తూర్పు పడమరలు 45 అడుగులు, ఉత్తర దక్షిణాలు 40 అడుగులు. రోడ్డు పది అడుగులు పెరిగిందంటే ఆ పది అడుగులు ఎక్కడి నుంచో రావాలి. రెండు వైపులా చెరి ఐదు అడుగులు పోయిందనుకుంటే ఈ ప్లాటులో 40 అడుగుల ముఖం మీద 5 అడుగుల లోతు, అంటే 200 చదరపు అడుగులు, 22 గజాల పైచిలుకు. గజం లక్ష రూపాయల చొప్పున బేరమైతే, లేని నేలకు 22 లక్షలు కడుతున్నట్టు. ఆయన ఒపీనియన్ రాసేముందు టేపు పట్టి కొలిపించమని సర్వేయర్‌ని పంపారు. అమ్మకానికి పెట్టిన గజాలు కాగితం మీదివా, నేల మీదివా అని అడిగే ఓపిక ఉన్న లాయరు దొరికితే వదులుకోకండి.

ఇక ఈసీ. 1983 జనవరి 1 తర్వాతి లావాదేవీల ఈసీ ఇప్పుడు ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత వాల్యూములు వెతికించాలి. కొత్తవాళ్లు ఆన్‌లైన్‌లో వచ్చిన ఈసీ చూసి అప్పులేమీ లేవని నిశ్చింతపడతారు. ఈసీ రిజిస్టరైనవాటినే చూపిస్తుంది. వీలునామాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్, కోర్టులో నడుస్తున్న దావా, ఎవరికో తనఖాగా అప్పజెప్పిన ఒరిజినల్స్ అందులో కనబడకపోవచ్చు. సికింద్రాబాద్ లాంటి ఊళ్లో మరొకటి కూడా ఉంది: హిబా. ముస్లిం కుటుంబాల్లో ఇస్తున్నానని చెప్పి, అవతలివారు ఒప్పుకుని, ఆస్తి వారి స్వాధీనం చేస్తే నోటిమాట దానమూ చెల్లుతుంది. అది ఏ వాల్యూములోనూ ఎక్కకపోవచ్చు. అందుకే ఆయన ఈసీ చూశాక మనిషిని ఆ వీధికి పంపి, ఆ ఇంట్లో ఎవరుంటున్నారు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది, ఆస్తి పన్ను ఎవరు కడుతున్నారు అని విచారించమంటారు. తర్వాత రెండు పేపర్లలో ప్రకటన వేయిస్తారు. ఒరిజినల్స్ అన్నీ కళ్లారా చూపించమంటారు. ఒక్కటి తగ్గినా ‘పోయింది’ అన్న మాట మీద వదిలిపెట్టరు.

ఈ పని ఏ ఊళ్లోనైనా కష్టమే. సికింద్రాబాద్‌లో ఇంకాస్త కష్టం. నిజాంతో కుదిరిన 1798 ఒప్పందం తర్వాత ఇంగ్లీషు సైన్యం విడిది చేసిన చోట, 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఈ ఊరు వెలిసింది. 1945లో పట్టణ భాగం నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఏర్పడింది. ఇన్ని చేతులు మారిన ఊరు కాబట్టి ఒకే ఫైలులో కొన్ని కాగితాలు ఉర్దూలో, కొన్ని ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో ఉండవచ్చు. ఉర్దూ కాగితాన్ని అమ్మేవాళ్లు తెచ్చిన తర్జుమా మీద నమ్మకుండా తనకు తెలిసిన మనిషితో మళ్లీ చదివించుకోవడం ఆయన పద్ధతి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కంటోన్మెంట్. కార్ఖానా, పికెట్, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం వైపు ఒకే రోడ్డుకు ఒక పక్క ప్రైవేటు పట్టా, ఇంకో పక్క రక్షణ శాఖ భూమి ఉండవచ్చు. కంటోన్మెంట్ భూములకు జనరల్ ల్యాండ్ రిజిస్టర్ అని వేరే లెక్క ఉంది. వాడుకలో జీఎల్ఆర్ అంటారు. అందులో ప్రతి సర్వే నంబరుకూ ఒక తరగతి రాసి ఉంటుంది. బీ-3 అని ఉంటే ప్రైవేటు మనిషి అనుభవంలో ఉన్నా నేల మీద ప్రభుత్వ హక్కు మిగిలే ఉంది. పాత బంగళాలు చాలా ఓల్డ్ గ్రాంట్ కిందివి. వాటిలో కట్టడం ఉన్నవారిది, నేల ప్రభుత్వానిది. ప్రభుత్వం కావాలంటే కట్టడానికి పరిహారమిచ్చి వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి ఆస్తి మీదా చక్కగా రిజిస్టరైన దస్తావేజు, తెగని లింకు, నిక్షేపమైన ఈసీ కనిపించవచ్చు. అన్నీ ఉన్నా కొన్నది నేల కాదు. కంటోన్మెంట్ పరిధి అని తెలిసిన క్షణం నుంచి ఆయన బల్ల మీద మొదటి కాగితం జీఎల్ఆర్ ఎక్స్‌ట్రాక్టే. అది లేకుండా మిగతా ఫైలు తెరవరు. గజం రేటు పక్క కాలనీకన్నా బాగా తక్కువ చెబుతున్నారంటే కొత్తవాళ్లు అదృష్టం అనుకుంటారు. ఆయన జీఎల్ఆర్ అడుగుతారు.

మొదటిసారి పెట్టుబడి పెట్టేవాళ్లలో ఎక్కువమంది కొనేది ఫ్లాటు. అక్కడ చూడాల్సినవి వేరు. ఫ్లాటుతో పాటు వచ్చే నేల వాటా, అన్‌డివైడెడ్ షేర్, దస్తావేజులో ఎన్ని గజాలు రాశారు? వెయ్యి గజాల్లో ఇరవై సమానమైన ఫ్లాట్లు ఉంటే ఒక్కోదానికి 50 గజాలు. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోవాలి. ఆయన ఇది కూడి చూస్తారు. స్థలం యజమానికీ బిల్డర్‌కీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఉంటే మీ ఫ్లాటు ఎవరి వాటాలో పడిందో సప్లిమెంటరీ అగ్రిమెంట్ చూస్తేనే తెలుస్తుంది. జీహెచ్ఎంసీ అనుమతిచ్చేటప్పుడు పెద్ద భవనాల్లో పదో వంతు కట్టడాన్ని తనఖాగా ఉంచుకుంటుంది. ఆ భాగంలోని ఫ్లాటును ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చి తనఖా విడుదలయ్యేదాకా అమ్మకూడదు. మీకు చూపిస్తున్న ఫ్లాటు నంబరు అందులో ఉందేమో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కొనేవాళ్లకు మంచి ఆసరా. ప్రాజెక్టును రెరా కింద రిజిస్టర్ చేయకుండా ప్రకటనలివ్వడానికీ బుకింగులు తీసుకోవడానికీ వీల్లేదు. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడగకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలైన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ స్థలం ఖర్చుకే వాడాలి. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం తేలితే బిల్డరే బాగుచేయాలి. ప్రీలాంచ్ ఆఫర్ అని మొత్తం డబ్బు ముందే కట్టమనేవారు ఈ చట్టం మొదటి షరతే మీరుతున్నారు, కాబట్టి అక్కడ ఫైలు చదవాల్సిన పనే లేదు. ఒక్క జాగ్రత్త: 500 చదరపు మీటర్లలోపు స్థలంలోనో ఎనిమిదిలోపు ఫ్లాట్లతోనో కట్టేవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సికింద్రాబాద్ పాత వీధుల్లో ఇంటి స్థలంలో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కోవలోవే. అక్కడ కొనేవాడికి మిగిలేది ఫైలు ఒక్కటే.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల (జీపీఏల) గురించి రెండు మాటలు. జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా కలిపి చేసే అమ్మకం హక్కునివ్వదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. నోటరీ కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మేవారు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడి తమ్ముడికి జీపీఏ పంపితే అది సరైనదే కావచ్చు. కానీ దేశానికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టి ఉండాలి, రాసిచ్చిన మనిషి రిజిస్ట్రేషన్ రోజుకు బతికి ఉండాలి. ఆయన ఆ రోజు పొద్దున వీడియో కాల్ చేయించి మాట్లాడతారు. విదేశాల్లో ఉండే అమ్మకందారుకు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) లెక్కా వేరు. ఇక్కడివారైతే 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి 1 శాతం పట్టుకుని కట్టే బాధ్యత కొనేవాడిది. విదేశీ నివాసి అయితే అంతకన్నా చాలా ఎక్కువ పట్టుకోవాలి.

లాభం లెక్క లాయరు పని కాదు గానీ ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు చేసుకుని రాని లెక్క అదొకటే. 75 లక్షల ఫ్లాటు అనుకోండి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ, రిజిస్ట్రేషన్ ఫీజులు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 5,62,500. మొత్తం 80 లక్షలు దాటింది. నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 2,64,000. ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, చిన్న రిపేర్లు తీసేస్తే పెట్టిన సొమ్ము మీద మూడు శాతం కూడా మిగలదు. గృహరుణం వడ్డీ దీనికి రెట్టింపు పైమాటే. కాబట్టి అప్పు తెచ్చి అద్దె కోసం కొంటున్నామంటే ఆ తేడా ప్రతి నెలా జీతంలోంచి పూడ్చుకోగలరా అన్నది ముందు తేల్చుకోవాలి. రేపు ధర పెరిగితేనే ఈ లెక్క కుదురుతుంది. పెరిగిన ధరకు అమ్ముకోవాలన్నా కాగితాలు శుభ్రంగా ఉండాలి. రేపు మీ దగ్గర కొనేవారి లాయరూ ఇదే ఫైలు తెరుస్తాడు.

చివరగా ఆయన రాసే ఒపీనియన్. మొదటి పేజీలో చూసిన కాగితాల జాబితా, ప్రతిదాని పక్కనా ఒరిజినలా నకలా అన్న మాట. తర్వాత ఏమేం చూడలేదో ఒక పేరా. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. చాలామంది ఆ పేరా రాయరు. తర్వాత హక్కు ఎలా సంక్రమించిందో కథలా, పేరు వెంట పేరు. ఆ తర్వాత షరతులు: ఫలానా వారి సంతకం తీసుకున్నాక, ఫలానా రశీదు తెచ్చాక, ఫలానా కొలత సరిపోయాకే టైటిల్ సరైనది అని. బ్యాంకు ప్యానెల్ లాయరు ఇచ్చే ఒపీనియన్ బ్యాంకు అప్పు కోసం రాసింది. అందులో బ్యాంకు తన క్షేమం తాను చూసుకుంటుంది. మీ కోసం రాసింది మీరు డబ్బిచ్చి రాయించుకున్నదే. మీరు కట్టే స్టాంపు డ్యూటీ పక్కన దాని ఖర్చు లెక్కలోకి రాదు.

మొదటి ఆస్తి కొనబోతున్నవాళ్లకు నా మనవి ఒక్కటే. బయానా ఇచ్చేముందు అమ్మేవారి దగ్గర లింకు డాక్యుమెంట్ల నకళ్లు, పదిహేను రోజుల గడువు అడగండి. ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, ఫైలు మొత్తం మీ తరఫు లాయరుకిచ్చి, ఏం చూడలేదో కూడా రాసి ఇవ్వమనండి. అమ్మేవారు నకళ్లు ఇవ్వనన్నా, గడువు ఇవ్వనన్నా ఆ ఆస్తి వదిలేయండి.